సైలెన్సర్‌కి అంటుకున్న పమిట

"ఉస్తాద్, సైలెన్సర్‌కి గుడ్డ అంటుకుపోయింది. గీత పడకుండా ఎట్టా తీయాలి?"

యాకోబు బండి స్టాండు కూడా వేయకముందే అడిగిన మాట అది. పొద్దున్నే పెళ్ళాన్ని ఎక్కించుకుని చర్చికి బయల్దేరాడు. సగం దారిలో షెడ్డుకి తిప్పుకొచ్చాడు.

సుభానీ ఉస్తాద్ దగ్గర నాలుగేళ్ళ నుంచి మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు యాకోబు. చేతిలో పనుంది. నోటికి దురుసూ ఉంది. నెల కిందట సైలెన్సర్ మీది గార్డు ఊడబీకాడు. అదుంటే మెరుపు కనపడదంట. "పెట్టరా, చీర కట్టుకునే మనిషిని ఎక్కించుకు తిరుగుతావు" అని ఉస్తాద్ అప్పుడే చెప్పాడు. వీడు నవ్వాడు. ఆ గార్డు షెడ్డులో మేకుకి ఇంకా వేలాడుతూనే ఉంది.

పక్కకి తిరిగి కూర్చుంటే పమిట వీపు మీదుగా కుడిపక్కకి జారుద్ది. సైలెన్సర్ ఉండేది అక్కడే. ఎక్కి కూర్చునే ఆడదానికి తెలుసు. తోలేవాడికి వెనక ఏం కనపడుద్ది?

సలోమి బండి దిగి తిన్నగా షెడ్డు పక్కనున్న నా టీ బండి దగ్గరికి వచ్చింది. నీళ్ళ బకెట్‌లో కుడిచెయ్యి ముంచి కూర్చుంది.

"ఏమైందే?"

"ఆపమని మూడుసార్లు అరిచా పిన్నీ. సర్దుకో అన్నాడు. చేత్తోనే లాక్కున్నా."

నేనా చెయ్యి పైకి తీసి చూశా. మళ్ళీ నీళ్ళలో పెట్టేశా. అది మిషను కుట్టుకుని బతికే చెయ్యి.

అక్కడ యాకోబు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఉస్తాద్ లాగేసుకున్నాడు.

"ఇనుము పెడితే గీత పడుద్ది. ఇంజన్ వెయ్. కాస్త వేడెక్కి మెత్తబడనీ. చెక్కముక్కతో తియ్."

యాకోబు గొంతుక్కూర్చున్నాడు. పసిబిడ్డ ముక్కు తుడిచినట్టు తీశాడు. తీస్తా తీస్తా ఊదాడు కూడా. పెళ్ళి చేసుకున్న ఆరేళ్ళలో సలోమిని అంత మెల్లగా ముట్టుకున్నాడో లేదో.

"చర్చికి లేటు చేసింది. పైగా సైలెన్సర్ పాడు చేసింది. కూర్చోడం చేతకాదు దీనికి," అంటున్నాడు.

ఉస్తాద్ కింద ఒక కాయితం పరిచాడు. నీలం జిగురు ముక్కలు దాని మీద రాలుతున్నాయి.

అంతా వచ్చేసింది. పాలిష్ కొట్టాడు. మొహం కనపడేలా మెరిసింది.

"చూడు ఉస్తాద్! కొత్తదానిలా లేదూ?"

ఉస్తాద్ ఆ ముక్కల్లోంచి ఒకటి వేరుగా తీశాడు. పల్చగా, అంచులు ముడుచుకుపోయి, ఉల్లిపొర మాదిరి ఉంది. యాకోబు అరచేతిలో పెట్టాడు.

"ఇది గుడ్డ కాదురా."

యాకోబు దాన్ని చూశాడు. అప్పుడు, వచ్చినకాడి నుంచి మొదటిసారి, నా టీ బండి వైపు తల తిప్పాడు.

బకెట్ ఒక్కటే ఉంది. నేనప్పటికే సలోమిని ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపేశా.

ఉస్తాద్ బండి తాళం తీసి వాడి ముందు పెట్టాడు.

"బాగా మెరుస్తోంది. తీసుకుపో."