కోటగుమ్మంలో కాలు

పాత కోటగుమ్మాన్ని బాగుచేయించే పని కొత్వాలు మీద పడింది. "పాత గోడ మీద గోటి గీత పడినా చెయ్యి నరికిస్తా. దానికి అంటుకున్న కొత్తదల్లా కోసి పారేయాలి!" అని చాటింపు వేయించాడు. ఆ గోడకే తాటాకు పందిరి కట్టుకుని గారెలు వండి అమ్ముకునే నాంచారమ్మ కూడా అది వింది.

మర్నాడు కొత్వాలు స్వయంగా వచ్చి, పందిరి తాడు తెంచడానికి గోడ పగులులో కాలు పెట్టి ఎక్కాడు. కాలు కాస్తా ఇరుక్కుపోయింది.

"ఒసేయ్, ఆ ఇటుక పగలగొట్టవే!"

"అమ్మో, నా చెయ్యి పోదూ! గోడ పాతది, కాలే కొత్తది. కత్తిపీట తేనా దొరా?"

"వద్దే తల్లీ! నీ పందిరి జోలికి రాను, చాటింపు రద్దు!" అన్నాడు, జనమంతా వింటుండగా.

నాంచారమ్మ మూకుట్లో చల్లారిన నూనె తెచ్చి పోసింది. కాలు ఊడొచ్చింది, చెప్పు లోపలే ఉండిపోయింది. కొత్వాలు దానికోసం చెయ్యి పెట్టబోయాడు.

"ఉండనివ్వండి దొరా, కొన్నాళ్లకి అదీ పాతదవుతుంది."