కప్పు కూర్చోని స్టేషను

అనగనగా, రైలుబండి కూత వింటే ఎడ్లు ఇంకా కాడి వదిలించుకుని పరుగెత్తుతున్న రోజుల్లో, మణిమేడ అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని ఏలే రాజుగారికి గుర్రాల మీద మోజు లేదు, ఏనుగుల మీద మోజు లేదు. ఉన్న మోజంతా బొమ్మరైలు మీదే. కోట తోటలో బెత్తెడు వెడల్పు పట్టాలు పరిపించి, కీ ఇస్తే నడిచే రైలును వాటి మీద తిప్పుతూ, రాచకార్యాలు మంత్రికి వదిలేసి, కూత మాత్రం తానే కూసేవాడు.

రాజుగారికి ముద్దొచ్చింది ప్రజలకు ముద్దు రాకుండా ఉంటుందా? ఏడాది తిరిగేసరికి ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఒక బొమ్మరైలు తిరగసాగింది. రైళ్ళయితే ఓడల మీద వచ్చేవి. మరి రైలు ఆగాలంటే స్టేషను కావద్దూ? గేటు దగ్గర కాపలావాడి గుడిసె, సరుకుల కొట్టు, నీళ్ళ తొట్టి కావద్దూ? అవన్నీ సోమలింగాచారి పనిశాలలో తయారయ్యేవి.

తయారయ్యేవంటే, కట్టి అమ్మేవాడు కాదు. అక్కడే ఉంది అతని తెలివి. గోడలు, తలుపులు, కిటికీలు, కప్పు విడివిడిగా కోసి, ఒక్కో ముక్కకూ ఒక అంకె వేసి, ఏది దేనికి అతకాలో బొమ్మలు గీసిన కాగితం పైన పెట్టి, అన్నీ ఒక పెట్టెలో సర్ది ఇచ్చేవాడు. కొన్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి తుమ్మబంకతో తామే కట్టుకోవాలి. వాటిని జనం కట్టుడు పెట్టెలు అనేవారు. "ఇది నేనే కట్టాను" అని పదిమందికీ చూపించుకోవడంలో ఉన్న సంబరం, కట్టిన బొమ్మ కొంటే ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి!

ఆ పనిశాలలో ఒక ఆచారం ఉండేది. ఏ కొత్త పెట్టె అయినా ముందు సోమలింగాచారి భార్య కామాక్షమ్మ ఒడిలోకి వెళ్ళాలి. ఆమెకు ఉలి పట్టడం రాదు, కొలత తెలియదు. అందుకే ఆమె. వంటింటి గడప మీద కూర్చుని కాగితం చూస్తూ కట్టేది. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కట్టగలిగితే పెట్టె అమ్మకానికి వెళ్ళేది. "ఏవండీ, ఈ ముక్క ఎటు?" అని ఒక్క మాట అడిగిందా, తప్పు ఆమెది కాదు, పెట్టెది. సోమలింగాచారి మారు మాట్లాడకుండా ఆ ముక్క మళ్ళీ కోసేవాడు, కాగితం మళ్ళీ రాసేవాడు. అలా పదేళ్ళు నడిచింది. అతని పెట్టె అంటే కళ్ళు మూసుకుని కొనవచ్చు అనే పేరొచ్చింది.

ఇలా ఉండగా మణిమేడకు అసలు రైలే వస్తున్నదని కబురొచ్చింది. రాజుగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఊరంతా దండోరా వేయించాడు.

"మణిమేడ స్టేషను కట్టుడు పెట్టెలు మూడువందలు ప్రజలకు ఊరికే పంచుతున్నాం! రైలు వచ్చే రోజుకు ఎవరు చక్కగా కట్టి తెస్తే వారికి మా తోటలోని బొమ్మరైలు పనిశాలలో జీవితాంతం కొలువు! ఆడా మగా, పేదా గొప్పా తేడా లేదహో!"

మూడువందల పెట్టెలు, నెల గడువు! సోమలింగాచారికి తిండి తినే తీరిక లేదు. ఎప్పుడూ చెక్క కోసి ఇచ్చేవాళ్ళ దగ్గర సరుకు చాలక, కొత్తవాళ్ళ దగ్గర తెప్పించాడు. పదేళ్ళుగా వాడుతున్న అచ్చుపలకలు ఆ కొత్త చెక్క మీద పెట్టి ముక్కలు కోసేశాడు.

"ఒక పెట్టె ఇలా ఇవ్వండి, కట్టి చూస్తాను" అంది కామాక్షమ్మ.

"ఇది మణిమేడ స్టేషనే కదా కామాక్షీ! పదేళ్ళ కిందట నువ్వు కట్టి సరేనన్నదే. కొత్తది కానిదానికి మళ్ళీ పరీక్షెందుకు?"

"అచ్చు పాతదేనండీ. చెక్క కొత్తది కదా."

"చెక్క చెక్కే" అని అతను పెట్టెలన్నీ బండికెక్కించాడు. చూశారా, పని తెలిసినవాడికి ఒక్కోసారి పని తెలియనివాళ్ళ మాట చెవికెక్కదు.

పెట్టెలు ఇల్లిల్లూ చేరిపోయాయి. పనిశాలలో ఒక్కటి మిగిలింది. మర్నాడు తీరిగ్గా కూర్చుని, ముచ్చటపడి సోమలింగాచారే దాన్ని కట్టడం మొదలుపెట్టాడు. గోడలు నిలబడ్డాయి. తలుపులు అతుక్కున్నాయి. కప్పు పెట్టబోయాడు. కప్పు అడుగున నాలుగు చెక్క చీలలుంటాయి. గోడల నెత్తిన నాలుగు బెజ్జాలుంటాయి. చీలలు బెజ్జాల్లో దిగితే కప్పు కూర్చుంటుంది. ఎంత అటూ ఇటూ జరిపినా చీలలు బెజ్జాలకు అందలేదు.

కొత్త చెక్క పాతదాని కన్నా బియ్యపు గింజంత మందం. ఆ మందానికి గోడలు అంతమేర ఎడం జరిగాయి. అంతే తప్పు. కానీ మూడువందల పెట్టెల్లోనూ అదే తప్పు. దేవుడు దిగివచ్చి కట్టినా ఆ కప్పు కూర్చోదు.

 సోమలింగాచారి పరుగున వెళ్ళి చెప్పేద్దామని చెప్పులు వేసుకున్నాడు. వాకిలి దాకా వచ్చి ఆగాడు. రైలు వచ్చే పండుగ ఇంకా పది రోజులే ఉంది. రాజుగారు ఏమంటారో? పదేళ్ళ పేరు ఏమవుతుందో? "ఎవరైనా వచ్చి అడగనీ, అప్పుడే చెబుదాం" అనుకుని చెప్పులు విప్పేశాడు.

రెండు రోజులకు బడిపంతులు పద్మనాభయ్యగారు వచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలతో తాళపత్రాలు రాసే చేయి ఆయనది.

"ఏమోయ్ ఆచారీ, నీ స్టేషను కప్పు నాకు లొంగలేదు" అని నవ్వారు. "నా చేయి వణుకుతున్నట్టుంది. కళ్ళూ మునుపటిలా లేవు. ముసలితనం చెప్పి వస్తుందా?"

అడగడానికి వచ్చినవాడైతే చెబుదామనుకున్నాడు. ఈయన అడగనే లేదు, తప్పంతా తన నెత్తిన వేసుకున్నారు.  "చిన్న ముక్కలు కదండీ" అని మాత్రం సోమలింగాచారి గొణిగాడు. పంతులుగారు తన చేతుల కేసి చూసుకుంటూ వెళ్ళిపోయారు.

మర్నాడు బట్టల కొట్టు చెన్నబసవయ్య వచ్చాడు.

"మావాడికి బొత్తిగా ఓపిక లేదు ఆచారిగారూ. నిన్నంతా కట్టి కట్టి, కప్పు పట్టడం లేదని ఏడుస్తాడు. మీ పెట్టెలో తప్పుండటమేమిటి? రెండు తగిలించి, ఇక నువ్వు దేనికీ పనికిరావని చెప్పాను."

"పిల్లవాణ్ణి కొట్టకండి" అన్నాడు సోమలింగాచారి. ఎందుకు కొట్టకూడదో మాత్రం చెప్పలేదు.

మూడోసారి వచ్చింది ముత్యాలు. రాళ్ళ క్వారీలో పనిచేసే గంగులు కూతురు. పదహారేళ్ళ పిల్ల, సన్నని వేళ్ళు. పనికిరాని పేళ్ళతో గుర్రాలు, బళ్ళు చెక్కేది. "ఈ స్టేషను కట్టి కొలువు సంపాదించావా, సరే. లేకపోతే ఇక నాతో రాళ్ళు కొట్టడానికి రా" అని తండ్రి ఖండితంగా చెప్పాడు. ఆ పెట్టె మీదే ఆ పిల్ల బతుకంతా ఉంది.

సరిగ్గా అప్పుడే రాజుగారి భటుడు పనిశాలలో కూర్చుని ఉన్నాడు. పండుగనాడు సోమలింగాచారికి సన్మానం జరుగుతుందని చెప్పడానికి వచ్చాడు. ముత్యాలు గడప దాటకుండా పెట్టెను రెండు చేతులా అందించింది. లోపల ముక్కలన్నీ శుభ్రంగా తుడిచి, అంకెల వరసలో పేర్చి ఉన్నాయి.

"తిరిగి ఇచ్చేస్తున్నానండీ. ఎవరికైనా పనికొస్తుంది. మూడు రోజులు కూర్చున్నాను, నావల్ల కాలేదు." కళ్ళు తుడుచుకుంది. "ఒక్కమాట చెప్పండయ్యా. నా చేతుల్లోనే లేదంటారా ఈ పని?"

అడిగింది! ఎవరైనా అడిగితే చెబుతానని కదా అతను అనుకున్నది? ఇదిగో, అడిగింది. భటుడు తల తిప్పి చూస్తున్నాడు. సోమలింగాచారి పెట్టె అందుకున్నాడు.

"అభ్యాసం కావాలమ్మా" అన్నాడు.

ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి క్వారీకి వెళ్ళింది.

పండుగ వచ్చింది. పూలతోరణాల మధ్య అసలు రైలు పొగలు కక్కుతూ వచ్చి ఆగింది. కట్టిన స్టేషను తెచ్చినవాడు ఒకే ఒక్కడు, కోశాధికారి బావమరిది. ఆ మహానుభావుడు చీలలు నాలుగూ పుటుక్కున విరిచేసి, కప్పును బంకతో దిట్టంగా అంటించేశాడు. కొలువు అతనికి దక్కింది. రాజుగారు సోమలింగాచారి చేతికి బంగారు కడియం తొడిగి, "మూడువందల పెట్టెల మీద ఒక్క ఫిర్యాదు రాలేదట! పనితనమంటే ఇదీ!" అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. సోమలింగాచారికి తల కొట్టేసినట్టయింది.

అతను ఇంటికి వచ్చేసరికి కామాక్షమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒడిలో ముత్యాలు తిరిగి ఇచ్చిన పెట్టె.

"ఏవండీ, ఈ చీల ఎటు?" అంది.

అతను చేతి కడియాన్ని కండువాతో కప్పుకున్నాడు. ఆమెకు అర్థమైంది.

"మీకు ముందే తెలుసు కదూ?" అంది మెల్లగా. "మూడువందల ఇళ్ళలో మూడువందల మంది తమ చేతులే వంకర అనుకుంటున్నారండీ. వెళ్ళి చెప్పిరండి."

"ఈ సన్మానం వేడి చల్లారనీ" అన్నాడు. చల్లారాక, "వానలు వెళ్ళనీ" అన్నాడు. వానలు వెళ్ళాక, "ఇప్పుడు తవ్వి తీయడం ఎవరికి మేలు?" అన్నాడు. కామాక్షమ్మ మళ్ళీ అడగలేదు. కొత్త పెట్టెలు ఒడిలోకి తీసుకోవడమూ మానేసింది. ఆరేళ్ళు గడిచిపోయాయి.

ఏడో ఏట పద్మనాభయ్య పంతులుగారు పోయారని తెలిసి సోమలింగాచారి పరామర్శకు వెళ్ళాడు. గూట్లో సగం రాసిన తాళపత్రాల కట్ట ఉంది.

"పూర్తి చేయలేదా అమ్మా?" అని అడిగాడు.

"ఎక్కడ నాయనా?" అంది పంతులుగారి భార్య. "ఆ రైలు పండుగకు ముందు, స్టేషను బొమ్మ కట్టబోయి కుదరక, నా చేయి పోయిందే అన్నారు. ఆ రోజునుంచి గంటం పట్టనే లేదు. ఎంత చెప్పినా వినలేదు."

సోమలింగాచారి అక్కడినుంచి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా కోటకు వెళ్ళాడు. కడియం తీసి రాజుగారి పాదాల దగ్గర పెట్టి జరిగిందంతా చెప్పాడు. తల పోతుందనుకున్నాడు. రాజుగారు తన రైలుకు కీ ఇస్తూ, "ఓస్, ఇంతేనా? అప్పుడే చెబితే ఇంకో వారం గడువిచ్చేవాణ్ణిగా!" అన్నాడు. ఆరేళ్ళు అతను వణికిపోయిన భయం విలువ అంతే. అది విని సోమలింగాచారి బావురుమన్నాడు.

తానే డప్పు మెడలో వేసుకుని వీధి వీధీ తిరిగాడు. "మణిమేడ స్టేషను కప్పు కూర్చోకపోవడం మీ తప్పు కాదహో! నా కోతలో తప్పహో!" కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. చెన్నబసవయ్య మాత్రం అరుగు మీద కూలబడి, "అంటే మావాడు ఊరికే ఏడవలేదన్నమాట" అన్నాడు. ఆ కొడుకు పెద్దవాడయ్యాడు. ఏ పని చేతికిచ్చినా ముందే "నాకు రాదు" అనేవాడు. డప్పు శబ్దం విని ఒకసారి తొంగిచూసి లోపలికి వెళ్ళిపోయాడు.

చివరికి సోమలింగాచారి సరిగ్గా కోసిన ఒక పెట్టె పట్టుకుని క్వారీకి వెళ్ళాడు. ముత్యాలు సుత్తి పక్కన పెట్టి, నుదుటి చెమట తుడుచుకుని, చెప్పినదంతా విన్నది. కోప్పడలేదు. పెట్టె తీసుకుని, ఒక రాతి మీద ముక్కలు పరిచి, కట్టడం మొదలుపెట్టింది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఏ ముక్క ఎటో కాగితం చూడకుండానే తెలిసింది ఆమెకు. గోడలు లేచాయి. కానీ తలుపుకు మడతబందు పెట్టాల్సిన చోట ఆగిపోయింది. కుడిచేతి రెండు వేళ్ళ మీద ఎప్పుడో బండ పడింది. అవి ఇక వంగవు.

నాలుగుసార్లు ప్రయత్నించి, ముక్కను మెల్లగా కింద పెట్టింది. తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది. ముఖంలో ఒక వెలుగు వచ్చింది. 

"అయితే అప్పుడు నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట" అంది.

సోమలింగాచారి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ముత్యాలు అతన్ని భుజం పట్టి లేపి, పనికి వేళ మించుతున్నదని సుత్తి అందుకుంది.

పిల్లలూ, పనిలో తప్పు దొర్లితే ఆ రోజే దిద్దుకోవచ్చు. ఆ తప్పును ఎదుటివాళ్ళు తమదే అనుకుంటుంటే చూస్తూ ఊరుకున్నవాడు, తరవాత ఎంత నిజం చెప్పినా పోయినదాన్ని తిరిగి ఇవ్వలేడు.