దేవసహాయం ద్రాక్షపందిరి

విరూపాక్షయ్యగారికి ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక కథ ఎత్తుకునేవారు. ఆయనకు ఓపిక తగ్గాక ఆశ్రమంలో సాయంత్రం పాఠం చెప్పే భారం శిష్యుడు శితికంఠం మీద పడింది. ఆ బెంగతో అతనికి తిండి సయించడం లేదు. చివరికి అడిగేశాడు.

“గురువుగారూ, మీ మాట ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పడం నావల్ల అవుతుందా?”

గురువుగారు ఒక ద్రాక్షతోట సంగతి ఎత్తుకున్నారు. మడికట్టుకుని కూర్చునే మనిషి నోట వైన్ మాట రాగానే శితికంఠం తన బెంగ మరిచిపోయి చెవులు రిక్కించాడు.

నగరం శివార్లలో దేవసహాయం అనే ఆయన పెంచిన తోట ఒకటుండేది. చర్చిల్లో ప్రభువు బల్ల ఆరాధనలో అందరికీ పంచే వైన్ అక్కణ్ణుంచే వెళ్లేది. ఆయన పోయాక తోట మూలపడింది. కూతురు మార్తమ్మ ముసలితనంలో దాన్ని వసుమతి అనే ఆవిడకు అమ్ముతూ ఒకటే కోరింది: “నేను కన్నుమూసేలోగా ఆ రుచి ఇంకొక్కసారి చూపించమ్మా.”

వసుమతి మాటిచ్చింది. పడిపోయిన పందిళ్లు లేపింది, పీపాలు బాగుచేయించింది. తీగల జోలికి మాత్రం కత్తెరను రానివ్వలేదు. పెద్దాయన చేత్తో నాటినవాటిని కోయడమా అని ఆమె భయం. కత్తిరింపుల కాలం వచ్చినప్పుడల్లా మొదళ్లకు పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకునేది. తీగలు ఏపుగా అల్లుకుని పందిరి కింద పట్టపగలే చీకటయింది. గుత్తి ఒక్కటీ దిగలేదు. అవతల మార్తమ్మ మంచం పట్టింది. పాపం, వసుమతి భక్తిలో లోపమేమీ లేదు.

సంగతి విన్న మార్తమ్మ కుర్చీలో మోయించుకుని తోటకొచ్చింది. పందిరి కేసి చూసి కత్తెర అడిగింది. మొదటి రెమ్మ తనే కోసింది. కోసినచోట నీటిబొట్టు ఊరింది. అది చూసి వసుమతి కళ్లు తుడుచుకుంది.

“ఏడవకమ్మా. మా నాన్న ఏటేటా కోసేవాడు” అంటూ కత్తెర ఆమె చేతిలో పెట్టింది మార్తమ్మ.

మరుసటి కాపు విరగకాసింది. పీపా తెరిచిన రోజు వసుమతి గ్లాసుతో వెళ్లి మార్తమ్మ మంచం పక్కన నిలబడింది. మార్తమ్మ ఒక గుక్క తాగింది.

“మా నాన్నది ఇలా ఉండేది కాదు” అంది.

వసుమతి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మార్తమ్మ మిగిలింది కూడా మెల్లగా తాగేసి, ఖాళీ గ్లాసు చాచింది.

“ఇంకాస్త పొయ్యి.”

గురువుగారు అక్కడితో ఆపేశారు. శితికంఠానికి మనసు నిలవలేదు. “అయితే ఆ పాత రుచి పోయినట్టేనా?” అన్నాడు.

అప్పటికే జనం వచ్చి కూర్చుంటున్నారు. గురువుగారు తన పీట మీంచి లేచి, నెమ్మదిగా నడిచి వెళ్లి వాళ్ల మధ్య చాప మీద చోటు చేసుకున్నారు.

“వేళయింది, మొదలుపెట్టు నాయనా. నేనూ వింటాను.”