గడియ తీసిన సాయంత్రం

ఒకానొక రాజ్యంలో ప్రజల సొమ్ము దాచే ధనాగారం ఉండేది. దాని అధికారి చెంచయ్య రోజూ గుమస్తాల ఇళ్ళలోని మంచిచెడ్డలు అడిగి తెలుసుకునేవాడు. ఆయన ముసలివాడై తప్పుకున్నాక ఆ పదవిలోకి వేరే ఊరి నుంచి విరూపాక్షుడు వచ్చాడు. పని ముగిసేదాకా గుమస్తాలు కదలకుండా బయట గడియ వేయించేవాడు.

ఒక సాయంత్రం రాజుగారు ధనాగారం చూడడానికి వచ్చారు.

“పొద్దుగూకినా ఒక్కరూ ఇంటికి పోరు ప్రభూ! నేనంటే అంత అభిమానం” అన్నాడు విరూపాక్షుడు.

గుమస్తాలకు మంచినీళ్ళు పోసే సింగారమ్మ చేతులు జోడించింది. “అంత అభిమానముంటే గడియ ఎందుకు ప్రభూ? తీయించండి, కళ్ళారా చూద్దాం.”

రాజు తీయించాడు. చూస్తుండగానే ధనాగారం ఖాళీ అయింది.

“ఎక్కడికి పోయారు?” అన్నాడు రాజు.

“చెంచయ్యగారింటికే అయ్యుంటుంది ప్రభూ. ఆయన మాట వినక ఎన్నాళ్ళయిందో!” అంది సింగారమ్మ.

ముగ్గురూ అక్కడికి వెళ్ళారు. చూపు ఆనని చెంచయ్య అరుగు మీద కూర్చుని, గుమస్తాలను గొంతును బట్టి పోల్చుకుంటూ, పేరుపేరునా వాళ్ళ పిల్లల కుశలం అడుగుతున్నాడు. కొత్త అడుగుల చప్పుడు విని విరూపాక్షుడి వైపు తిరిగాడు.

“ఎవరు నాయనా? అన్నం తిన్నావా?”

ఆ ఊరొచ్చాక విరూపాక్షుణ్ణి ఆ మాట ఎవరూ అడగలేదు. అరుగు దగ్గరే నిలబడిపోయాడు. గుమస్తాలు కొంచెం జరిగి అతనికి చోటిచ్చారు.