పదిహేను రోజుల చేదు

నల్లకోన అడవిలో, రెండు రాతిగుట్టల నడుమ, ఊటమడుగు అనే చిన్న మడుగు ఉండేది. దాని అడుగంతా పచ్చని నాచు, కలువ తీగెలు. ఆ పచ్చదనంలో పరిగె చేపలు, పీతలు, నత్తలు కలిసిమెలిసి బతికేవి. నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే, గట్టున నిలబడ్డ జింకలకు అడుగున గులకరాళ్లు కూడా కనబడేవి.

ఆ మడుగుకు పెద్ద కాంచనుడు అనే పరిగె. అతడి ఒళ్లు బంగారు వన్నె. సాయంత్రం జింకలు నీళ్లకు వచ్చే వేళకు సరిగ్గా పైకి తేలి, ఎండలో అటూ ఇటూ తిరిగేవాడు. "ఎంత అందం!" అని ఒక్క జింక అంటే చాలు, ఆ పూట అతడికి ఆకలే వేసేది కాదు. అతడికి ఒక్కతే కూతురు, పేరు చినుకు. తల్లి లేని పిల్ల. దాన్ని కంటికి రెప్పలా చూసుకునేవాడు.

ఒక వానాకాలం మడుగులో జబ్బు పుట్టింది. నూకలు చల్లినట్టు చేపల ఒంటి మీద తెల్లని మచ్చలు లేచాయి. దురద ఆగక చేపలు రాళ్లకు ఒళ్లు రుద్దుకున్నాయి. తర్వాత రెక్కలు ముడుచుకుని, పైకి తేలి, గాలి కోసం నోళ్లు తెరిచాయి. నాలుగు పిల్లలు చచ్చిపోయాయి.

కాంచనుడు ముసలి నత్త శంఖమ్మను పిలిపించాడు.

"గట్టు మీది మద్దిచెట్టు ఆకులు, ఎండినవి, నీళ్లలో వేయించు నాయనా," అంది శంఖమ్మ. "నీళ్లు నల్లబడతాయి, చేదెక్కుతాయి. పదిహేను రోజులు ఓర్చుకోండి. ఒక్క రోజు కూడా తగ్గించకు."

పీతలు గట్టు మీది నుంచి ఆకులు ఈడ్చుకొచ్చాయి. నీళ్లు నల్లబడ్డాయి. ఐదో రోజుకు మచ్చలన్నీ పోయాయి. ఆ సాయంత్రం జింకలు వచ్చి నీళ్లలోకి తొంగి చూశాయి. "కాంచనుడేడీ? ఈ నల్లనీళ్లలో ఏమీ కనబడటం లేదే!" అని వెళ్లిపోయాయి. ఆ మాట కాంచనుడి మనసులో ముల్లులా గుచ్చుకుంది.

"ఆకులు తీసి పారేయండి," అని పీతలతో అన్నాడు.

శంఖమ్మ ఆయాసపడుతూ పాక్కుంటూ వచ్చింది. "వద్దు నాయనా! మచ్చలు చావలేదు, రాలాయంతే. అడుగున పాకేదాన్ని, నాకు తెలుసు. బురదలో గింజల్లా పడి ఉన్నాయి. అవి పగిలితే ఒక్కోదానిలోంచి వందలు పుట్టి పైకొస్తాయి. అలా వచ్చేవాటిని చంపడానికే ఈ చేదు."

"ఒంటి మీద లేని జబ్బుకు మందెందుకు అవ్వా? నీకు చాదస్తం ఎక్కువైంది," అన్నాడు కాంచనుడు. చేపలన్నీ నవ్వాయి. అవ్వ తల లోపలికి ముడుచుకుంది.

వారం తిరక్కుండానే జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి రోజుకు మూడు నాలుగు చేపలు పోయాయి.

కాంచనుడు తప్పు ఒప్పుకున్నాడా? లేదు. "ఈ నాచు వల్లే ఇదంతా. పీకేయండి!" అన్నాడు. పీతలు నాచూ కలువ తీగెలూ వేళ్లతో సహా పెకలించాయి. అడుగు బురదంతా పైకి లేచింది. మర్నాటికి చినుకు ఒంటి మీద తెల్లని మచ్చలు కనబడ్డాయి.

అప్పటికే శంఖమ్మ, తన మాట విన్న పదకొండు చేపలను రెల్లు పొద వెనక మడుగును ఆనుకుని ఉన్న చిన్న గుంటలోకి తీసుకుపోయింది. అక్కడ మద్దాకులు నానుతున్నాయి. కాంచనుడు కూతుర్ని తీసుకెళ్లి అవ్వకు అప్పగించాడు.

ఐదు రోజులు గడిచాయి. చినుకు ఒళ్లు నున్నగా తేరుకుంది. కాంచనుడి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఈ పిల్లను జింకలు చూస్తే మడుగు బాగుపడిందని అడవంతా చెప్పుకుంటాయని అతడి ఆశ.

"పద తల్లీ, ఇంటికి పోదాం."

"అవ్వ ఇంకా పది రోజులు ఉండమంది నాన్నా."

"నీ ఒంటి మీద ఒక్క మచ్చ చూపించు. ఉందువుగాని."

చినుకు తన ఒళ్లంతా చూసుకుంది. చూపించడానికి ఒక్క మచ్చ కూడా లేదు. శంఖమ్మ వద్దంటూనే ఉంది. పాపం, ఆ పిల్ల తండ్రి వెంట వెళ్లింది.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లు ఎండలో జంటగా ఈదారు. "తండ్రికి తగ్గ కూతురు!" అన్నాయి జింకలు. కాంచనుడు సంతోషంగా ఉన్న ఆఖరి సాయంత్రం అదే.

ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజున చినుకు నీటిపైకి తేలి నోరు తెరిచింది. "నాన్నా, ఊపిరి అందటం లేదు," అంది.

కాంచనుడు పరుగున వెళ్లి శంఖమ్మ ముందు వాలాడు. "ఎన్ని ఆకులైనా వేయిస్తాను అవ్వా! ఎన్నాళ్లైనా ఉంచుతాను!"

అవ్వ వచ్చి చినుకును చూసింది. "జబ్బు మొప్పల్లోకి దిగిపోయింది నాయనా. ఇప్పుడిక ఆకుల వల్ల కాదు," అంది. ఆమె కళ్లు తడిశాయి.

మధ్యాహ్నానికి చినుకు కదలడం మానేసింది. మెల్లగా అడుగుకు జారిపోయింది. కాంచనుడు దాని వెంటే దిగాడు. ఇన్నేళ్లలో అతడు అడుగుకు దిగడం అదే మొదటిసారి. అక్కడ, కూతురి పక్కన, బురద నిండా తెల్లని గింజలు ఉన్నాయి. అతడు చూస్తుండగానే ఒకటి పగిలింది. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం.

కాంచనుడు మళ్లీ మద్దాకులు వేయించాడు. పదిహేను రోజులూ ఉంచాడు. పదహారో రోజున రెల్లు పొద వెనక నుంచి పదకొండు చేపలూ ఆరోగ్యంగా తిరిగి వచ్చాయి. బురదలోంచి నాచు కొత్త చిగుళ్లు వేసింది. నీళ్లు తేటపడ్డాయి. ఆనాటి నుంచి మడుగులో అందరూ శంఖమ్మ మాటే విన్నారు.

జింకలు వచ్చి, "కాంచనుడేడీ?" అని అడిగాయి. అతడు పైకి రాలేదు. కూతురు ఒరిగిన గులకరాయి దగ్గర, నాచు నీడలో, రెక్కలు ముడుచుకుని కూర్చున్నాడు.

నీతి: కష్టం కంటికి కనబడనంత మాత్రాన తీరిపోయినట్టు కాదు, అది మొదలంటా పోయేదాకా చేదును ఓర్చుకోవాలి.