చూశాను, లేదు

ఎనభై ఎనిమిది రోజులు వరసగా ఖాళీ సీసాలోకి తొంగిచూసిన పిల్లకి ఎనభై తొమ్మిదో రోజు ఇంట్లోనే ఉండిపోవాలనిపించడం పెద్ద తప్పా? నాకప్పుడు పదమూడేళ్లు. పెద్ద తప్పేమీ కాదనే అనుకున్నాను.

మా హైస్కూల్లో క్లబ్బులకి కొదవ లేదు, వాటి రూల్సుకి అసలే లేదు. కూరగాయల క్లబ్బు వాళ్లు తాము పండించిన వంకాయ తాము తినకూడదు. వార్తల క్లబ్బు వాళ్లు ప్రేయర్లో పేపరు చదువుతూ ఒక్క మాట తడబడితే మళ్లీ తేదీ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఎండలో నిలబడ్డ మేమంతా వాళ్లని మనసులోనే తిట్టుకునేవాళ్లం. అన్నిట్లోకి వింత రూల్స్ మాత్రం మా వాన క్లబ్బువే. అనంతపురం జిల్లాలో, అదీ మా వైపు, వాన క్లబ్బేమిటని బయటివాళ్లు నవ్వేవారు. మాకు నవ్వొచ్చేది కాదు.

స్కూలు వెనక ముళ్లకంచె, కంచెకి చిన్న గేటు, గేటుకి తాళం. లోపల ఇత్తడి గరాటు పెట్టిన ఒక డబ్బా, డబ్బాలో సీసా. వాన పడితే ఆ నీళ్లు గరాటులోంచి సీసాలోకి దిగుతాయి. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ నీళ్లని గీతలున్న గాజు గ్లాసులో పోసి ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టర్లో రాసి, పారబొయ్యాలి. పని ఇంతే. ఊరంతా దాన్ని వాన డబ్బా అనేవాళ్లు.

క్లబ్బు పెట్టింది సైన్సు చెప్పే దస్తగిరి సారు. సన్నటి మనిషి, గొంతు పెంచడం ఎవరూ వినలేదు. రూల్స్ ఆయనవే. గేటు బయట చెప్పులు విడవాలి. రాసేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆదివారం లేదు, పండగ లేదు, ఎండాకాలం సెలవులు లేవు. వాన పడని రోజు ఊరికే సున్నా చుట్టి వదలకూడదు, "చూశాను. లేదు." అని రెండు మాటలూ రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన కారణం రాసి, పేరు పెట్టాలి. రిజిస్టర్లో ఎవరి పేరు మీద అబద్ధం దొరుకుతుందో వాళ్లు నెల రోజులు కంచె లోపల కాలు పెట్టకూడదు.

ఆ యేడు ఉగాదికి తాళంచెవి నాకిచ్చారు. అంతకుముందు తొమ్మిదేళ్లూ అది మగపిల్లల మెడలోనే తిరిగింది. "సుంకులమ్మా, నువ్వు మూడు కిలోమీటర్లు నడిచి రావాల. ఆలోచించుకో" అన్నారు సారు. నేను ఆలోచించలేదు, చెయ్యి చాపాను. నా క్లాసు తిప్పేసామి ఇల్లు స్కూలు పక్క సందులోనే. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎర్రదారానికి కట్టిన ఆ తాళంచెవిని నేను స్నానానికి పోయేటప్పుడు కూడా మెడలోంచి తియ్యలేదు. దాన్ని మళ్లీ ఉగాదిదాకా ఎవరికీ ఇవ్వకూడదన్నది నా పంతం.

పంతం సంగతి సరే, వాన రావాలి కదా. ఏప్రిల్ పోయింది, మే పోయింది, జూన్ సగం పోయింది. రోజూ ఊరి బయట ఎండిపోయిన వాగు, మా వంక, దాటి, చెప్పులు విడిచి, కాళ్లు కాలుతుంటే గరాటు ఎత్తి చూడ్డం, చూశాను లేదు అని రాయడం. ఒకరోజు ఉండబట్టలేక సారునే అడిగాను, మబ్బు తునక కూడా లేదని ఇంటి దగ్గర్నుంచే తెలుస్తుంటే డబ్బాలోకి తొంగిచూడ్డం ఎందుకని. సారు లేచారు. బీరువాలోంచి మొట్టమొదటి రిజిస్టరు తీసి చేతిలో పెట్టారు. క్లబ్బు పెట్టిన ఏడాది ఆయనే రాసినది. చూశాను. లేదు. చూశాను. లేదు. పేజీలకి పేజీలు అంతే. సారు చేతిరాత బాగుందనుకుని తిరిగిచ్చేశాను.

ఎనభై తొమ్మిదో రోజు ఆదివారం. ముందురోజే మా మేనమామ వాళ్లొచ్చారు, అమ్మ తెల్లారకుండానే ఓళిగలకి పూర్ణం రుబ్బింది. మా పల్లెలో ఆకాశం తోమిన కంచంలా ఉంది. ఒక్క చినుకు లేదు. నేను గడప మీద కూర్చుని, ఎడం చేత్తో ఓళిగ తింటూ, సెలవు రోజుల్లో నా దగ్గరే ఉండే రిజిస్టర్లో కుడిచేత్తో రాశాను. చూశాను. లేదు. ఓళిగ మీది నెయ్యి పేజీ మీద ఒక చుక్క పడింది. పైట చెంగుతో అద్దితే ఇంకా పెద్దదైంది.

సోమవారం స్కూలుకి పోతూ వంక దాటేసరికి కాళ్లకి బురద అంటింది. మొదట నాకు అర్థం కాలేదు. మా సీమలో వాన అంతే, ఒక చేన్లో పడి గట్టు అవతల చేన్లో పడకుండా పోతుంది. ఈ మాట మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. వాన క్లబ్బు తాళంచెవి మెడలో వేసుకు తిరిగే నాకే ఆ పొద్దు గుర్తు రాలేదు. మేకలు తోలుకొస్తున్న అవ్వని అడిగితే, నిన్న తెల్లవారుజామున మంచి వాన కొట్టిందనీ, గంటకే వెలిసిపోయిందనీ చెప్పింది.

గేటు తీశాను. గరాటు ఎత్తాను. సీసాలో నీళ్లు. అలవాటు కొద్దీ గ్లాసులో పోసి చూశాను. పద్నాలుగు మిల్లీమీటర్లు.

ఎనభై ఎనిమిది రోజులు నేను ఎదురుచూసిన నీళ్లవి. ఆ పద్నాలుగుని సోమవారం కింద రాస్తే, వాన పడింది ఆదివారమని ఊరంతటికీ తెలుసు. ఆదివారం కింద రాద్దామంటే అక్కడ నేను రాసిన "చూశాను" ఉంది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. గ్లాసు వంచేశాను. కొలిచాక పారబొయ్యడం ఎప్పుడూ ఉన్నదే, రాయకుండా పారబొయ్యడం మాత్రం ఆ క్లబ్బులో అదే మొదలు. నేల ఆ నీళ్లని అప్పటికప్పుడే తాగేసింది. సోమవారం గడిలో కూడా చూశాను, లేదు అని రాశాను.

రోజూ నేను రాసిన దాని కింద సారు సంతకం పెట్టాలి. ఆదివారం సంతకం సోమవారం పెట్టేవారు. స్టాఫ్ రూము వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. వరండా గోడ మీద ఆయన బొంత ఆరేసి ఉంది. ఎండాకాలమంతా సారు తన అద్దెగది మిద్దె మీదే పడుకుంటారని అందరికీ తెలుసు. నిన్న తడిసిన బొంత, అంచులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కుర్చీ కింద చెప్పులకి బురద.

రిజిస్టరు ఇచ్చాను. సారు రెండు వరసలూ చదివారు. నెయ్యి మరక దగ్గర ఆయన వేలు కాసేపు ఆగింది. నేను తిట్ల కోసం కాచుకుని నిలబడ్డాను. నిజం చెప్తున్నా, ఆ నిమిషంలో తిడితే బాగుండుననిపించింది.

సారు జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, ఆదివారం కింద సంతకం పెట్టారు. సోమవారం కింద కూడా పెట్టారు. సిరా ఆరేదాకా ఊదారు.

"సార్, మా పల్లెలో వాన పడలేదు" అన్నాను. నా నోరే ఊరుకోలేదు.

"నువ్వు చూశానని రాసినావు కదమ్మా. ఇంక నేను చూసేదేముంది?" అన్నారు. బొంత తిరగేసి ఆరేసి, క్లాసుకి పోయారు.

ఆ రోజు పాఠాలు ఏం చెప్పారో నాకు తెలీదు. అబద్ధం నా ఒక్కదానిదే అయితే ఎలాగో మింగేసేదాన్నేమో. నాలో అంత మంచితనం పొంగిపొర్లేది కాదు. కానీ ఇప్పుడు దాని కింద ఆయన పేరుంది. మొదటి ఏడాదంతా కాళ్లు కాల్చుకుని రాసిన మనిషి పేరు, నా నెయ్యి మరక పక్కన. నెలాఖరుకి ఆ పేజీ నకలు తాలూకా ఆఫీసుకి పోతుంది. వాళ్లు అడిగితే ఆయన్నే అడుగుతారు.

మధ్యాహ్నం ఇంటర్వెల్లో ప్రహరీ గోడ అవతల హనుమంతరాయుడు తాత నిలబడి ఉన్నాడు. వాన పడితే చాలు, డబ్బాలో ఎంత వచ్చిందో అడగడానికి ఆయన వస్తాడు. మా లెక్క వినకుండా వేరుశనగ విత్తనం మూట విప్పడు.

"పాపా, ఎంత పడినాది డబ్బాలో? ఇత్తనం ఏసేకి అయితాదా?"

సాయంత్రం చెప్తానన్నాను. ఆయన అప్పటిదాకా అక్కడే కూర్చుంటానన్నాడు.

ఆఖరి గంట కొట్టాక సారు దగ్గరికి పోయాను. పోయేముందు మెడలోంచి తాళంచెవి తీసి పిడికిట్లో పట్టుకున్నాను. దారం లేని మెడ చాలా తేలిగ్గా అనిపించింది. ఆ తేలిక నాకు నచ్చలేదు. తిప్పేసామి వరండా మెట్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. వాడి ఎదుటే చెయ్యాల్సి వస్తుందని తెలిసినా వెనక్కి తిరగలేదు.

సారు బల్ల మీద రిజిస్టరు తెరిచి, ఆదివారం వరస మీద ఒకే గీత కొట్టాను. కింది మాటలు స్పష్టంగా కనబడుతున్నాయి. పక్కన రాశాను: "ఆదివారం నేను రాలేదు. ఇంట్లో కూర్చుని రాశాను. ఆ రోజు వాన పద్నాలుగు మిల్లీమీటర్లు. సోమవారం చూసి, రాయకుండా పారబోశాను. సుంకులమ్మ." సోమవారం వరస మీద కూడా గీత కొట్టాను. తాళంచెవి పేజీ మీద పెట్టాను. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు.

సారు చదివారు. తాళంచెవి పక్కకి జరిపి, రిజిస్టరు తనవైపు తిప్పుకున్నారు. తన సంతకం మీద ఒకే గీత కొట్టారు. తర్వాత రెండోదాని మీద కూడా. నా వాక్యాల కింద చిన్నగా, ఆ మంచి చేతిరాతతో రాశారు: "తడిసి కూడా సంతకం పెట్టాను. దస్తగిరి."

రిజిస్టరు మూసి, తిప్పేసామిని పిలిచి, తాళంచెవి వాడి చేతికిచ్చారు. నెల రోజుల దాకా సంతకాలు హెడ్మాస్టరు గారి దగ్గర పెట్టించుకోమని వాడికి చెప్పారు. 

గోడ దగ్గరికి పోయి తాతతో పద్నాలుగని చెప్పాను. ఆయన కాలితో మట్టి గీకి చూసి, చాలదులే, ఇంకో వాన రానీ అని మూట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నన్ను రమ్మని ఎవరూ అనలేదు. అయినా మామూలు వేళకే బయల్దేరాను. ఎందుకని అమ్మ అడుగుతూనే ఉంది. కాళ్లు మాత్రం ఆగలేదు. వంక దాటి, స్కూలు వెనక్కి పోయి, గేటు బయట చెప్పులు విడిచి నిలబడ్డాను. ఎనిమిదిన్నరకి తిప్పేసామి వచ్చి, నా వైపు చూడకుండా తాళం తీసి లోపలికి పోయాడు.

వెనక అడుగుల చప్పుడైంది. దస్తగిరి సారు. ఆయన కూడా గేటు దగ్గర చెప్పులు విడిచారు. లోపలికి పోలేదు. నా పక్కన, కంచె బయటే, చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపల పిల్లవాడు గరాటు ఎత్తి, చూసి, రాసి, గేటు వేసేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఎవరి చెప్పులు వాళ్లం తొడుక్కుని పోయాం.

నెల రోజులూ అంతే. స్టాఫ్ రూములో మిగతా సార్లు నవ్వుకున్నారు. తాను పెట్టిన రూలుకి తానే బయట నిలబడేవాణ్ణి ఎక్కడా చూడలేదని హెడ్మాస్టరు గారు అన్నారట. ఆదివారాలు వచ్చాయి, ఒక పండగ వచ్చింది, నాకు రెండు రోజులు జ్వరం కూడా వచ్చింది. ఒక్క పొద్దు మానలేదు. జ్వరంతో పోయిన రోజు సారు నన్ను చూశారు. తన గొడుగు విప్పి నా మీద పట్టారు, ఎండకి. వాన ఒకసారి పడింది. ఆరు మిల్లీమీటర్లని తిప్పేసామి రాశాడు. మేమిద్దరం కంచె బయట నిలబడే ఆ సంగతి తెలుసుకున్నాం.

ముప్పై ఒకటో రోజు తిప్పేసామి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడి ముఖం చిన్నబోయింది. నాకు జాలేసింది గానీ తిరిగివ్వలేదు.

చెప్పులు విడిచి లోపలికి పోయాను. ముందురోజు సాయంత్రం నుంచీ మబ్బు పట్టి ఉంది, రాత్రి ఎక్కడో ఉరిమింది కూడా. చూడకుండా చెప్పమంటే వాన పడిందనే చెప్పేదాన్ని. గరాటు ఎత్తాను. సీసాలోకి తొంగిచూశాను. సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి మళ్లీ చూశాను. చుక్క లేదు. రాశాను.

వరండాలో సారుకి రిజిస్టరు ఇచ్చాను. చూశాను, లేదు అన్న మాటలు చదివారు. బయట మబ్బు నల్లగా దిగి ఉంది. సారు పెన్ను మూత తీసి, తలెత్తి ఆకాశం వైపు ఒక్కసారి కూడా చూడకుండా, సంతకం పెట్టారు.