ఏడుకొండలు మైకు ఆపిన సాయంత్రం

పల్నాడు వైపు ఎర్రగట్టు అనే ఊళ్ళో ఏడుకొండలు అని ఒక మైకుసెట్టు ఆసామి ఉండేవాడు. పనిలో దిట్ట, గొంతు విప్పితే గంట మోగినట్టుండేది, కానీ ఎవరు ఏ పని చెప్పినా "కాస్త ఆగండి" అనడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు.

ఎందుకంటారా? చిన్నప్పటి నుంచీ అక్షరాలు అతని కంటికి కుదురుగా నిలబడేవి కావు. ఒక వరుస చదువుతుంటే కిందివరుస ఎగిరొచ్చి మీద పడేది. బళ్ళో మొద్దు అన్నారు, బద్ధకం అన్నారు, వీపు మీద బెత్తాలు కూడా విరిగాయి. పెద్దయ్యాక పట్నంలో ఒక డాక్టరమ్మ, "దీన్ని డిస్లెక్సియా అంటారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. నాలుగు పనులు ఒక్కసారి మీద పడితే మాత్రం నీకు మరీ కష్టం. ఒక్కొక్కటే చేసుకో నాయనా" అని చెప్పింది. పాపం, ఆ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఆగమంటే ఎందుకని అడుగుతారేమోనని, అన్నిటికీ "ఆఁ, అయిపోతుంది" అనేవాడు.

అలాగని తక్కువవాడనుకునేరు! దూరాన చెట్టుకు కట్టిన హారన్ కాస్త గరగరమంటే చాలు, ఏ వైరు వదులైందో కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు. ఒక్కసారి చెవిన పడిన మాట ఏళ్ళు గడిచినా మరిచేవాడు కాదు.

ఆ ఏడు తిరునాళ్ళలో మైకు అతనిదే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు వస్తున్నాయి. ఒక్కో ప్రభ తాడిచెట్టంత ఎత్తు, నిండా రంగుగుడ్డలూ దీపాలూ. కింద ఎడ్లు లాగుతుంటే ముందు డప్పులు. జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. ఏడుకొండలు ఒక చేత్తో పాటలు మారుస్తున్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను, అందులో ఎవరో పెళ్ళికి మైకు మాట్లాడుకుంటున్నారు. తిరునాళ్ళ పెద్ద బసివిరెడ్డి వెనక నిలబడి, "ఎగువపాలెం ప్రభకి స్వాగతం చెప్పవయ్యా!" అని గోల. ముందు నుంచి జనం చీటీలు అందిస్తున్నారు.

"ఆఁ, అయిపోతుంది! ఆఁ, అయిపోతుంది!" అంటున్నాడు ఏడుకొండలు, నలుగురికీ కలిపి.

ఆ చీటీల్లో రెండు పిల్లల సంగతులు. పచ్చగౌను పాప తప్పిపోయిందని ఒకటి. ఎర్రగౌను పాప దొరికింది, మంచినీళ్ళ పందిరి దగ్గరుందని ఇంకొకటి. హడావిడిలో రెండు చీటీలూ అతని కళ్ళలో కలిసిపోయాయి. "పచ్చగౌను పాప మంచినీళ్ళ పందిరి దగ్గర క్షేమంగా ఉంది!" అని గట్టిగా చెప్పేశాడు.

ఆదెమ్మ అనే ముసలమ్మ ఆ మాట విని పరుగున పోయింది. పోయినంత వేగంగానే ఏడ్చుకుంటూ తిరిగొచ్చింది.

"ఆ పిల్ల మా పిల్ల కాదయ్యా! నా మనవరాలేది? ప్రభలొచ్చే దారిలో ఎక్కడుందో నా తల్లి! ఎడ్లు తొక్కితే ఇంకేముంది!"

బసివిరెడ్డి మండిపడ్డాడు. "ఏందయ్యా, రాసిచ్చింది చదవటం కూడా రాదా నీకు?"

రాసినవాడి మీదికి తోసెయ్యొచ్చు. కానీ ఏడుకొండలు ఆదెమ్మ మొహం చూశాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట నోటి నుంచి బయటికొచ్చింది.

"రాదండి. ఇంత గోలలో గబగబా చదవటం నాకు రాదు. అక్షరాలు కలగలిసిపోతాయి. నోటితో చెప్పండి, ఒక్క ముక్క పోనివ్వను. కానీ ఒక్కొక్కళ్ళే చెప్పాలి."

ఫోను కట్టేశాడు. పాట ఆపేశాడు. చీటీలు పక్కన పెట్టేశాడు.

"మరి ఎగువపాలెం ప్రభ?" అన్నాడు బసివిరెడ్డి. "స్వాగతం చెప్పకపోతే వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"వాళ్ళకి రెండుసార్లు చెబుతా రెడ్డిగారూ. కాస్త ఆగండి. ముందు పిల్ల."

ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మొహం వైపే చూస్తూ విన్నాడు. విన్నది మళ్ళీ ఆమెకే అప్పజెప్పాడు. "పచ్చగౌను, ఒక్క కాలికే పట్టీ, చేతిలో కాగితం గాలిపంకా. అంతేనా అమ్మా? పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా?"

"పేరు హన్విత. అట్టా పిలిస్తే ఎవర్నో అనుకుంటది నాయనా. ఇంట్లో అందరం చిట్టిచిలకా అంటాం."

"అయితే నువ్వే పిలువు" అన్నాడు ఏడుకొండలు. ముందు తాను మైకులో చెప్పాడు: "ఎగువపాలెం అన్నలూ, దణ్ణం పెడతా. ఎడ్లను నిలపండి, డప్పులు ఆపండి. ఒక చిన్నపిల్లకి వాళ్ళ అమ్మమ్మ పిలుపు వినపడాలి."

డప్పులు ఆగాయి. ఎడ్లు ఆగాయి. అంత తిరునాళ్ళా ఒక్కసారిగా నోరు మూసుకుంది.

"చిట్టిచిలకా! ఎక్కడున్నావే తల్లీ!" అని మైకులో పిలిచింది ఆదెమ్మ.

"అమ్మమ్మా!" అని సన్నగా వినపడింది, ప్రభ ముందు నుంచే! జారిపడిన గాలిపంకా కోసం ఎడ్ల కాళ్ళ ముందు కూర్చుని ఉంది పిల్ల. బండి ఇంకో బారెడు కదిలి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికే నోరు రాదు. డప్పు కొట్టేవాడు పిల్లను ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు. జనమంతా చప్పట్లు!

బసివిరెడ్డి కళ్ళు తుడుచుకుంటూ, "ముందే చెప్పొచ్చు కదయ్యా! ఈ సంగతి తెలిస్తే నిన్ను ఇట్టా పీక్కు తినేవాళ్ళమా?" అన్నాడు.

ఆ పైన అతనే కర్ర పట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. "వరసలో రండి! చీటీల్లేవు! ఒకరి తర్వాత ఒకరు, నోటితో చెప్పండి!" అని అరుస్తుంటే, ఏడుకొండలు హాయిగా ఒక్కొక్కరి మాటా విని, ఒక్కొక్కటే మైకులో చెప్పాడు. ఆ రోజు మళ్ళీ ఒక్క పొరపాటూ దొర్లలేదు. ఎందరు తప్పిపోయారో అందరూ తమవాళ్ళను కలుసుకునే ఇళ్ళకు వెళ్ళారు.

కాబట్టి పిల్లలూ, పది పనులు ఒకేసారి నెత్తినేసుకున్నవాడికి ఒక్కటీ సరిగా దక్కదు. తనకేది కష్టమో సిగ్గుపడకుండా చెప్పి, ఒక్కొక్క పనే చేతికి తీసుకునేవాడే అసలైన పనిమంతుడు.